130 కిలోమీటర్లకు ముందు

షరఫియాలో శుక్రవారం తెల్లవారుజామున సైకిలు బయటికి తీస్తే మొదట ఎదురయ్యే ప్రశ్న, "ఏ హోటల్లో పని?" అని. జిద్దా ఎరగనివాళ్ళ కోసం చెబుతున్నాను. షరఫియా అంటే ఊరి నడిబొడ్డున ఉన్న పాతపేట. ట్రావెల్ ఏజెన్సీలు, కార్గో కొట్లు, సెల్‌ఫోను షాపులు, అడుగడుగునా మలయాళీ హోటళ్ళు. సెలవురోజు సాయంత్రం అక్కడ నిలబడితే సౌదీలో ఉన్నామో కోజికోడ్‌లో ఉన్నామో చెప్పడం కష్టం. ఆ గోలలో అప్పుడప్పుడూ మన కడప యాసా, కరీంనగర్ యాసా, మా సిక్కోలు యాసా కూడా చెవిన పడుతుంటాయి. ఇక్కడ సైకిలు తొక్కేవాళ్ళు రెండే రకాలు: బకాలా నుంచి సామాన్లు చేరవేసే కుర్రాళ్ళు, ఇంకా డ్రైవింగు వయసు రాని పిల్లలు. నలభై రెండేళ్ళ వయసులో, నెత్తిన హెల్మెట్టు, మెరిసే పసుపుపచ్చ చొక్కాతో నాలుగున్నరకి రోడ్డెక్కే సాఫ్టువేరు శాల్తీ మూడో రకం. టీ కొట్టు చేటన్‌కి నేను హోటల్లో పనిచెయ్యనని నమ్మించడానికి మూడు శుక్రవారాలు పట్టింది.

సంగతేమిటంటే, సంక్రాంతి సెలవుకి ఇంటికి వెళ్ళినప్పుడు శ్రీకాకుళం నుంచి ఇచ్ఛాపురం దాకా ఒకే రోజులో సైకిలు మీద వెళ్దామని పెట్టుకున్నాను. నరసన్నపేట, కోటబొమ్మాళి, టెక్కలి, పలాస, కంచిలి మీదుగా పదహారో నంబరు జాతీయ రహదారి, అదే, మన చిన్నప్పటి ఐదో నంబరు. సుమారు 130 కిలోమీటర్లు. సైకిలు రంగంలో ఆరితేరినవాళ్ళకి ఇది నవ్వులాట. హైదరాబాదులో బ్రెవేలు తొక్కే మిత్రుడొకడు 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో పూర్తిచెయ్యడం తమకు మొదటి మెట్టని చెప్పి నా ఉత్సాహం మీద నీళ్ళు జల్లాడు. నా జీవితంలో అప్పటిదాకా అతి పెద్ద సైకిలు ప్రయాణం మా ఊరి నుంచి హైస్కూలుకి, రానూ పోనూ పద్నాలుగు కిలోమీటర్లు. అదీ నాన్న సైకిలు మీద, సగం దూరం అడ్డతొక్కుడు.

తొక్కిన ప్రతి కిలోమీటరుకీ నేనూ, కొందరు పాత క్లాస్‌మేట్లూ ఇంత అని డబ్బు వేస్తాం. అది ఉద్దానంలో డయాలిసిస్‌కి వెళ్ళొచ్చే రోగుల ఆటో ఖర్చులకి వెళుతుంది.

ఉద్దానం పేరు మీలో చాలామంది వినే ఉంటారు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల కొబ్బరి తోటల సీమ. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానమయిందంటారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆ కొబ్బరిచెట్లని నేలకూల్చింది. దానికి చాలా ఏళ్ళ ముందు నుంచే ఆ ఊళ్ళని పీడిస్తున్నది కిడ్నీ జబ్బు. షుగరు లేదు, బీపీ లేదు, అయినా నలభై ఏళ్ళకే మూత్రపిండాలు చేతులెత్తేస్తాయి. నీళ్ళలో సిలికా అన్నారు, భారలోహాలన్నారు, ఎండలో చాకిరీ అన్నారు, నొప్పి బిళ్ళలన్నారు, వంశపారంపర్యమన్నారు. ఎన్నో బృందాలు వచ్చి నీళ్ళు పట్టుకెళ్ళాయి, రక్తం తీసుకెళ్ళాయి. ఇదీ కారణం అని ఒక్కదాన్ని వేలుపెట్టి చూపించే స్థితి ఇంకా రాలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. హిరమండలం నుంచి వంశధార నీళ్ళు తెచ్చే 700 కోట్ల పథకమూ అదే రోజు మొదలయింది. డయాలిసిస్‌కి రోగి డబ్బు కట్టక్కర్లేదు, 2019 నుంచి నెలకి పదివేల పింఛను కూడా వస్తోంది. కానీ వారానికి మూడుసార్లు ఆసుపత్రికి వెళ్ళి రావాలి. నాలుగు గంటలు మిషను మీద పడుకుని లేచినవాడు బస్సు పట్టుకుని వేలాడలేడు. వెంట ఒక మనిషి ఉండాలి, ఆ మనిషికి ఆ రోజు కూలి ఉండదు.

ఇదంతా నాకు తెలిసింది మా బావ వల్ల. మా మేనమామ కొడుకు, నాకన్నా నాలుగేళ్ళు పెద్ద, కవిటి వైపు ఊరు. పదకొండేళ్ళు ఇదే సౌదీలో రాడ్‌బెండింగు పని చేశాడు, రాబిగ్‌లో కొన్నాళ్ళు, యాన్బులో కొన్నాళ్ళు, చివరికి జిద్దాలో. నేను ఏసీ గదిలో జావా ప్రోగ్రాములు రాసుకుంటుంటే, వాడు అరమైలు దూరంలో పదో అంతస్తు స్లాబు మీద ఇనుము కట్టేవాడు. శుక్రవారం షరఫియాకి వచ్చేవాడు. ఇద్దరం పరోటా తిని, సులేమానీ తాగి, వాడి పిల్లలకోసం కొన్న సబ్బులూ, పాలపొడీ, దుప్పట్లూ ఒక అట్టపెట్టెలో సర్ది కార్గో కొట్లో తూకం వేయించేవాళ్ళం. 2021లో కాళ్ళు వాచాయని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే క్రియాటినిన్ తొమ్మిది దాటింది. నెల తిరక్కుండా ఎగ్జిట్ వీసా మీద వెళ్ళిపోయాడు.

సైకిలు ఆలోచన నాది కాదు. హ్యూస్టన్‌లో ఉండే మా బ్యాచి వాడొకడు మల్టిపుల్ స్క్లెరోసిస్ రోగుల కోసం జరిగే ఎమ్మెస్ 150లో మూడుసార్లు తొక్కాడు. ఆ యాత్ర చాలా ఏళ్ళు హ్యూస్టన్ నుంచి ఆస్టిన్ దాకా సాగి, 2022 నుంచి కాలేజ్ స్టేషన్‌లో ముగుస్తోంది. రెండు రోజులు, వేలమంది, దారిపొడుగునా నీళ్ళూ అరటిపళ్ళూ. టెక్సస్‌లో ఉండే మీలో కొందరు తొక్కే ఉంటారు. ఇంగ్లండులో ఉన్నవాళ్ళకి గుండెజబ్బుల సంస్థ కోసం లండన్ నుంచి బ్రైటన్‌కి 54 మైళ్ళు తొక్కే యాత్ర తెలిసే ఉంటుంది. "డబ్బు ఇమ్మంటే ఎవడూ ఇవ్వడు, నేను కష్టపడతాను, నువ్వు కిలోమీటరుకింత ఇయ్యి అంటే ఇస్తాడు" అన్నాడు వాడు. మా ఆవిడ మాత్రం, "ఆ సైకిలు డబ్బూ, విమానానికి దాని లగేజీ డబ్బూ కలిపి అక్కడికే పంపిస్తే పోలా?" అంది. లెక్క ప్రకారం ఆవిడదే రైటు. బావకి ఫోన్లో చెబితే ఇంకా సూటిగా అడిగాడు: "నువ్వు సైకిలు తొక్కితే నా కిడ్నీ బాగవుద్దేటిరా?"

జవాబు చెప్పలేదు. సైకిలు కొన్నాను.

హైబ్రిడ్ అంటే రోడ్డు సైకిలుకీ, కొండ సైకిలుకీ మధ్యరకం. వంపు లేని తిన్నటి హ్యాండిలు, 700 సైజు చక్రాలు, 38 మిల్లీమీటర్ల టైర్లు, ముందు మూడు పళ్ళచక్రాలు, వెనక ఎనిమిది. కొట్టువాడు ఇరవైనాలుగు గేర్లని గొప్పగా చెప్పాడు. ఇంటికొచ్చి ఎక్సెల్‌లో పట్టిక వేస్తే వాటిలో సగం ఒకదానికొకటి నకళ్ళు. మనకు కావలసిన లెక్క ఒకటే. ముందు 36 పళ్ళు, వెనక 16 పళ్ళు ఉన్నాయనుకోండి. పెడలు ఒక చుట్టు తిరిగితే చక్రం రెండుంపావు చుట్లు తిరుగుతుంది. నా టైరు చుట్టుకొలత 2.18 మీటర్లు, కాబట్టి చుట్టుకి 4.9 మీటర్లు. నిమిషానికి ఎనభై చుట్లు తొక్కితే గంటకి 23.5 కిలోమీటర్లు. దూరం వెళ్ళేవాడు వేగం చూడకూడదు, ఈ ఎనభైని చూడాలి. గాలి ఎదురైనా, ఎత్తు వచ్చినా, గేరు మార్చుకుని ఆ ఎనభైని కాపాడుకోవాలి. మొదటి నెల నాకిది తెలియక పెద్ద గేరులో నెమ్మదిగా, బలంగా తొక్కాను. మోకాలి చిప్ప కింద నొప్పి పట్టుకుంది. సీటు కూడా బాగా కిందకి ఉంది. మడమ పెడలు మీద పెట్టి కిందకి తొక్కితే కాలు తిన్నగా చాచుకోవాలట, నాది సగం మడతలో ఉండిపోయేది. రెండు అంగుళాలు లేపితే వారంలో నొప్పి మాయం.

మెత్తటి జెల్ సీటు కొని నలభై రియాళ్ళు తగలేశాను. అరగంటకి అది స్వర్గం, రెండు గంటలకి నరకం. ఎముకలు అందులో కూరుకుపోయి చుట్టూ ఉన్న కండని నొక్కేస్తాయి. గట్టి సీటు, మెత్త కుట్టిన నిక్కరు, లోపల ఇంకేమీ వేసుకోకూడదు. ఈ చివరి ముక్క ఎవరూ మొహమాటానికి చెప్పరు కనక నేను చెబుతున్నాను.

హైబ్రిడ్‌కి ఉన్న అసలు లోపం చేతులకి ఒకే భంగిమ. రెండు గంటలు దాటేసరికి చిటికెనవేలు, దాని పక్కవేలు తిమ్మిరెక్కుతాయి. మన కీబోర్డు జాతికి మణికట్లు ముందే అంతంతమాత్రం. హ్యాండిలు రెండు కొసలకీ చిన్న కొమ్ములు బిగించాను, చేతులు మార్చుకోవచ్చు. ఇంకో లోపం గాలి. నిటారుగా కూర్చుంటాం కనక మనిషే తెరచాప. గంటకి ఇరవై వేగంతో వెళుతుండగా పది వేగంతో ఎదురుగాలి వస్తే ఒంటికి ముప్ఫై తగిలినట్టు, గాలి ఒత్తిడి రెండుంపావు రెట్లవుతుంది. జనవరిలో మా తీరంలో గాలి ఈశాన్యం వైపు నుంచి ఉంటుంది, నేను వెళ్ళేదీ సరిగ్గా ఈశాన్యానికే. ఇచ్ఛాపురంలో మొదలుపెట్టి శ్రీకాకుళంలో ముగిస్తే గాలి వీపు తట్టి పంపిస్తుంది. తెలివైనవాడు అదే చేస్తాడు. కానీ బావ ఊరు ఆ చివర ఉంది.

జిద్దాలో ప్రాక్టీసుకి దొరికిన దారి కార్నీష్. షరఫియా నుంచి పాలస్తీన్ వీధి పట్టుకుని పడమటికి వెళితే ఎర్రసముద్రం. అక్కడ 260 మీటర్లు పైకి చిమ్మే కింగ్ ఫహద్ ఫౌంటెన్ కనిపిస్తుంది. గాలి ఎటు ఉందో చూడడానికి దాన్ని మించిన సాధనం లేదు, నీటి తుంపర ఎటు వాలితే గాలి అటు. అక్కడి నుంచి ఉత్తరంగా ఫార్ములా వన్ పందేలు జరిగే ట్రాకు పక్కనుంచి ఒబ్హుర్ వైపు. గాలి ఎక్కువగా వాయవ్యం నుంచే కాబట్టి వెళ్ళేటప్పుడు ఎదురు, వచ్చేటప్పుడు వీపున. శుక్రవారం జుమ్మా నమాజు అయ్యేదాకా జిద్దా నిద్రపోతుంది. ఆ ఖాళీ రోడ్డు మీద ఎనిమిదింటిలోగా ఇంటికి చేరాలి. కొండలు లేవు. ఎత్తు ఎక్కడం నేర్చుకోవాలంటే ఫ్లైఓవర్లే గతి, ఒకే ఫ్లైఓవరు పదిసార్లు ఎక్కిదిగుతుంటే ఒక పోలీసాయన కారాపి ఏమైనా పోగొట్టుకున్నావా అని అడిగాడు.

ఆగస్టు చివర్లో 20 కిలోమీటర్లతో మొదలుపెట్టి, పొడుగు సవారీని వారానికి పదోవంతు చొప్పున పెంచుకుంటూ, నాలుగోవారం తగ్గించుకుంటూ వచ్చాను. వారంలో మరో రెండు రోజులు గంటేసి. అసలు రోజుకి ముందు 130 తొక్కి చూడక్కర్లేదు, వంద చేస్తే చాలంటారు. సాఫ్టువేరువాడికి ఇది మింగుడుపడదు, ప్రొడక్షన్‌లో పెట్టే లోడు టెస్టింగులో చూడకపోతే ఎలా? కానీ ఒంటికి రీస్టార్టు బటను లేదు. చివరి రెండు వారాలు దూరం సగానికి తగ్గించి కండల్ని కోలుకోనివ్వాలి. నాకు అన్నిటికన్నా కష్టమనిపించింది ఈ ఖాళీగా కూర్చోవడమే.

వస్తువుల పిచ్చి మనకి సహజం. చేతి గడియారం గుండె వేగాన్ని చర్మం మీద వెలుతురు పడేసి కొలుస్తుంది, జిద్దా చెమటలో అది చెప్పేవి అభూత కల్పనలు. ఒకసారి నేను టీ తాగుతుంటే 171 చూపించింది. ఛాతీకి కట్టే పట్టీ గుండె విద్యుత్తునే పట్టుకుంటుంది కనక నయం. ఫోను హ్యాండిలుకి బిగిస్తే ఎండకి వేడెక్కి ఆగిపోయింది, చిన్న జీపీఎస్ పెట్టె కొనక తప్పలేదు. స్ట్రావాలో గ్రాఫులు ముచ్చటగా వస్తాయి. కానీ ఈ నాలుగు నెలల్లో నిజంగా పనికొచ్చిన పరికరం ఇంట్లో స్నానాల గదిలో ఉన్న బరువు మిషను. దాని ధర ముప్ఫై రియాళ్ళు.

లెక్క ఇది. బయల్దేరేముందు బరువు చూసుకోవాలి. తిరిగొచ్చి, ఒళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసుకోవాలి. తగ్గిన బరువుకి దారిలో తాగిన నీళ్ళు కలిపి, గంటలతో భాగిస్తే మీ చెమట వేగం. సెప్టెంబరులో ఒకరోజు నా లెక్క: ముందు 78.4, తర్వాత 77.2, తాగింది లీటరున్నర, తొక్కింది గంటన్నర. అంటే గంటకి 1.8 లీటర్లు! తెల్లవారుజామున, సూర్యుడు సరిగ్గా లేవకుండానే. జిద్దాలో వేడికన్నా తేమ ముఖ్యం. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది, సముద్రపు గాలి అప్పటికే నీటితో నిండి ఉంటే చెమట ఆరదు, ఊరికే కారిపోతుంది. ఈ ఊళ్ళో 2010 జూన్ 22న 52 డిగ్రీలు నమోదయిందని అందరూ చెప్పుకుంటారు, నాకు మాత్రం 34 డిగ్రీల తేమ ఉదయాలే ఎక్కువ భయం.

పోయినదంతా నీళ్ళతో పూడ్చుకోవాలనుకోవడం కూడా తప్పే. కడుపు గంటకి లీటరు పైన పీల్చుకోవడం కష్టం. పైగా చెమటతో ఉప్పు పోతుంది. ఉత్తనీళ్ళు విపరీతంగా తాగితే రక్తంలో సోడియం పలచబడి ప్రాణం మీదకొస్తుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మందిలో 13 శాతానికి సోడియం తక్కువ ఉన్నట్టు తేలింది. రంగురంగుల పొడులు కొనక్కర్లేదు. మందులషాపులో దొరికే ఓఆర్‌ఎస్ పొట్లం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలతలుంటాయి, లీటరుకి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు. ఆమాటకొస్తే ఇక్కడ బకాలాలో దొరికే లబన్‌లో నీళ్ళూ ఉప్పూ కలిపితే మన మజ్జిగే. తిండి సంగతి కూడా ఓ ముక్క: గంటన్నర దాటిన సవారీకి గంటకి యాభై అరవై గ్రాముల పిండిపదార్థం కావాలి. ఒబ్హుర్‌లో ఒకసారి ఏమీ తినకుండా వెళ్ళి, కాళ్ళు దూదిలా అయిపోయి, పేవ్‌మెంటు మీద కూర్చుండిపోయాను. అప్పటినుంచి జేబులో ఖర్జూరాలు.

ఈ చెమట లెక్కని గొప్పగా బావకి ఫోనులో చెప్పాను. వాడు కాసేపు ఆగి, "నాకూ అదే లెక్కరా" అన్నాడు. డయాలిసిస్‌కి ముందు బరువు చూస్తారు, తర్వాత చూస్తారు. ఒంట్లో అదనపు నీళ్ళేమీ లేనప్పటి బరువుని డ్రై వెయిట్ అంటారు, వాడిది 59. ఆ వారం 61.5తో వెళ్ళాడు. "నీకు చెమట కింద పోతాది, నాకు మిషను నాలుగు గంటల్లో రెండున్నర లీటర్లు లాగేస్తాది. ఎక్కువ లాగిన రోజు కాళ్ళు పిక్కలు పట్టేసి సచ్చిపోతాను." ఒబ్హుర్ నుంచి వచ్చిన రాత్రి నా పిక్కలూ పట్టేశాయి. ఆ మాట వాడికి చెప్పలేదు. వాడికి రోజుకి లీటరు నీళ్ళు దాటకూడదు, అందులోనే టీ, చారు, మజ్జిగ అన్నీ. దాహమయితే ఐసుముక్క చప్పరిస్తాడు.

"సైటులో నీళ్ళుండేవి కావా?" అని అడిగాను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగలేదు. "ఎందుకుండవు, డ్రమ్ములతో ఉండేవి. తాగితే కిందకి దిగాల కదా. పదో అంతస్తు నుంచి దిగి, ఎక్కి... మేస్త్రీ సూత్తాడు. అందుకని తాగీవోళ్ళం కాదు. సాయంత్రం రూముకొచ్చి తాగీవోళ్ళం. నడుం నొప్పికి రెండు బిళ్ళలు." సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు వరకు ఆరుబయట పని నిషేధం. ఆ మూడు గంటలూ నీడలోనే ఉండేవాళ్ళట. కానీ ఉదయం ఎనిమిదింటికే నా 1.8 లీటర్ల లెక్క మొదలవుతుందని ఇప్పుడు నాకు తెలుసు. నేను గంటన్నర తొక్కి ఏసీలో పడతాను, వాడు పదకొండేళ్ళు చేశాడు.

ఎల్ సాల్వడార్, నికరాగ్వాలలో చెరకు నరికే కూలీలలో కూడా ఇలాగే షుగరూ బీపీ లేని కిడ్నీ జబ్బు కనిపించింది. రోజూ ఎండలో ఒళ్ళు వేడెక్కి, నీరు తగ్గి, మళ్ళీ మర్నాడు అదే జరగడం దానికి ఒక ప్రధాన కారణమని అక్కడి పరిశోధకులు నమ్ముతున్నారు. నీళ్ళు, నీడ, విశ్రాంతి అనే మూడింటినీ పనిలో భాగం చేసి చూస్తున్నారు. గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన యువ కార్మికుల్లో కిడ్నీ జబ్బు గురించి నేపాల్ వైద్యులు చెబుతూనే ఉన్నారు. మా బావ విషయంలో ఊరి నీళ్ళ వాటా ఎంత, స్లాబు మీది ఎండ వాటా ఎంత అని తేల్చడం నాలాంటివాడి వల్ల అయ్యేది కాదు. ఒక్కటి మాత్రం నా ప్రయాణం సంచీలోంచి తీసేశాను, నొప్పి బిళ్ళల స్ట్రిప్పు. సైకిలు తొక్కేవాళ్ళు చాలామంది ముందుజాగ్రత్తగా ఐబుప్రొఫెన్ వేసుకుంటారు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రపిండానికి రక్తం అందేలా చూసే ఏర్పాటునే ఆ మందు దెబ్బతీస్తుంది. మీరు మారథాన్లు పరిగెత్తేవాళ్ళయినా సరే, దీని గురించి మీ డాక్టరుని ఒకసారి అడగండి.

ఇక డబ్బు సంగతి. సైకిలుకన్నా దీనికే ఎక్కువ చదవాల్సి వచ్చింది. సౌదీలో అనుమతి లేకుండా చందాలు పోగుచెయ్యడం నేరం. 2021లో మొదలైన ఎహ్‌సాన్ లాంటి అధికారిక వేదికల ద్వారానే ఇవ్వాలి, దేశం బయటికి వెళ్ళే సాయం కింగ్ సల్మాన్ సహాయ కేంద్రం చూసుకుంటుంది. షరఫియా హోటల్లో డబ్బా తిప్పుదామని ఒక మిత్రుడు సరదాపడ్డాడు, దణ్ణం పెట్టి ఆపాను. ఇక్కడ నేను ఎవరినీ ఒక్క రియాలు అడగలేదు. నా వంతు కిలోమీటరుకి 500 రూపాయలు, నా జీతం నుంచి ఎప్పటిలా నా ఇండియా ఖాతాకి వెళ్ళి, అక్కడి నుంచి ఆ సంస్థకి వెళుతుంది.

మిగిలినవాళ్ళు ఇండియాలో, అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న క్లాస్‌మేట్లు. ఇక్కడొక మెలిక ఉంది, మీకూ పనికొస్తుంది. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కింద రాదు. అదే మనిషి అమెరికా పౌరుడైపోతే, ఓసీఐ కార్డు జేబులో ఉన్నా, విదేశీ విరాళమే. తీసుకునే సంస్థకి ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషను ఉండాలి, డబ్బు ఢిల్లీలోని స్టేట్‌బ్యాంకు ప్రధాన శాఖలో ఆ సంస్థకున్న ప్రత్యేక ఖాతాలోకే రావాలి. మేం ఎంచుకున్న చిన్న సంస్థకి అది లేదు. హ్యూస్టన్ వాడికి పౌరసత్వం వచ్చి ఆరేళ్ళయింది. "నీ ఖాతాకి వేస్తాను, నువ్వు నీ పేరున ఇచ్చెయ్" అన్నాడు. ఇరవై ఏళ్ళ స్నేహం, కాదనడం ఎంత ఇబ్బందో. కానీ చేతులు మార్చినంత మాత్రాన డబ్బు స్వభావం మారదు, ఇరుక్కునేది ఆ సంస్థ. వాడు నాలుగు రోజులు మాట్లాడలేదు. ఐదోరోజు, అమెరికాలో రిజిస్టరయి ఇండియాలో ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న ఇంకో ఆసుపత్రికి పంపానని రశీదు పెట్టాడు. నాకు సైకిలు తొక్కమని చెప్పినవాడి డబ్బు నా లెక్కలోకి రాకపోవడం ఇప్పటికీ బాధే.

సామాను సర్దుతుంటే ఇంకో సంగతి బయటపడింది. సౌదీలో కుడివైపు తొక్కుతాం కనక అద్దం ఎడమ కొమ్ముకి బిగించాను. నాలుగు నెలలుగా ఎడమ భుజం మీదుగా వెనక్కి చూడడం అలవాటయింది. ఇండియాలో లారీలు వచ్చేది కుడివైపు నుంచి. అద్దం మార్చడం రెండు నిమిషాల పని, మెడ మార్చడం కాదు. అందుకే శ్రీకాకుళంలో దిగాక రెండు రోజులు ఊరి రోడ్ల మీద ఊరికే తిరగాలి. ట్యూబులు కూడా మార్చాను. సన్నటి ప్రెస్టా వాల్వులు తీసేసి కార్లకుండే రకం వేయించాను. జాతీయ రహదారి మీద ఏ మోటారు సైకిలు పంక్చరు కొట్లోనైనా గాలి పట్టించుకోవచ్చు. లారీ టైర్లు పేలి రాలిన సన్నటి తీగముక్కలకీ, తుమ్మముళ్ళకీ రెండు స్పేరు ట్యూబులు. పెడళ్ళు విప్పేటప్పుడు ఎడమదానికి మర తిరగబడి ఉంటుందని మరిచిపోయి అరగంట దాంతో కుస్తీ పట్టాను.

సైకిలు పెట్టెకి అట్ట దొరికింది ఆ పాత కార్గో కొట్లోనే. హైదరాబాదు దాకా విమానం, అక్కడి నుంచి రైల్లో ఆమదాలవలస. కొట్టతను ముందు చక్రం విప్పి పక్కకి కట్టి, మధ్యలో పాత దుప్పటి దోపి, తాళ్ళతో బిగించి కాటా మీద పెట్టాడు. 19 కిలోల 600 గ్రాములు. రిజిస్టరులో రాస్తూ తలెత్తి, "నీతో వచ్చేవాడే, పొడుగాటి మనిషి, అతను బాగున్నాడా?" అని హిందీలో అడిగాడు. ఉన్నాడని చెప్పాను.

రాత్రి ఫోను చేశాను, పిల్లలకి ఏం తెమ్మంటావని. చాక్లెట్లు చాలన్నాడు. ఖర్జూరాలు మాత్రం వద్దట, అందులో పొటాషియం ఉంటుంది, ఇంట్లో ఉంటే చెయ్యి ఊరుకోదు. కొబ్బరినీళ్ళూ అంతే, చుట్టూ తోటలు పెట్టుకుని నాలుగేళ్ళుగా ముట్టుకోలేదు.

"పొద్దున్నే బయలెల్లు, ఎండెక్కకముందే పలాస దాటీయాల. కంచిలి కాడ రోడ్డు మీదకొచ్చి నాను నిల్సుంటాను. నాలుగు బొండాలు కొట్టించి ఉంచుతాను."

"నువ్వు తాగకూడదు కదా బావా."

"నువ్వు తాగు. నాను సూత్తాను."